బెండు పుల్ల మీద ముడి

రోవేనా వంటింట్లో పై అరలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మే నెలలో కాఫీ డబ్బా కిందికి దిగింది. జూన్‌లో కప్పులు దిగాయి. జూలై వచ్చేసరికి పళ్లేలు, పిండి డబ్బా, ఉప్పు సీసా అన్నీ నడుమెత్తు గట్టు మీదికి చేరి, ఒకదాన్నొకటి తోసుకుంటూ కూర్చున్నాయి. ఇల్లు సర్దుకుంటున్నానని ఆమె చెల్లెలితో అంది. చెల్లెలు ట్రూడీ ఆ గట్టు వంక చూసి, "అవునవును, ఇంకో నెల ఆగితే నేలమీదే సర్దుకోవచ్చు" అంది.

రోవేనా కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. తల దువ్వుకోవాలంటే కిటికీ అంచు మీద మోచెయ్యి ఆనించి, తలనే చేతి దగ్గరికి వంచాలి. ఆమెకు యాభై తొమ్మిదేళ్లు, అందులో నలభై ఏళ్లు ఆ చేత్తోనే సముద్రంలోంచి లాబ్‌స్టర్ బోన్లు పైకి తెచ్చింది. స్పర్లింగ్ రేవులో లాబ్‌స్టర్లు పట్టే పడవలు ఇరవై రెండు ఉంటే, ఆడమనిషి పేరు మీద ఉన్నది ఆమె పడవ ఒక్కటే. తండ్రి పోయాక ఆయన పడవ, ఆయన బోన్లు, ఆయన చోటు ఆమెవయ్యాయి.

ఆగస్టు చివర్లో పట్నం వెళ్లి చూపించుకుంది. డాక్టరు చిన్న వయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడింది. భుజంలో కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీ తెగిందని, తెగిన కొస రోజురోజుకీ వెనక్కి జరిగిపోతోందని చెప్పింది. ఇప్పుడైతే కొస అందుతుంది, లాగి ఎముకకు కుట్టవచ్చు. ఇంకో ఏడాది ఆగితే కండ ఎండి కొవ్వుగా మారుతుంది, కుట్టడానికి పట్టు దొరకదు. ఆ తర్వాత చెయ్యి ఇంకా కిందికి దిగడమే తప్ప పైకి రావడం ఉండదు. ఇందులో రోవేనాకు అర్థం కానిదేమీ లేదు. ఒకేచోట రాసుకుని రాసుకుని తెగే తాడును ఆమె ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అతుకు వెయ్యాలంటే తాడు మిగలాలి.

"చేయించుకుంటే బాగవుతుందని రాసిస్తారా?" అని అడిగింది.

డాక్టరు రాసివ్వనంది. ఈ వయసులో, ఈ పనిలో, నలుగురిలో ఒకరికి మళ్లీ తెగుతుందని దాచకుండా చెప్పింది. ఆరు వారాలు చెయ్యి కట్టులో ఉండాలి. ఆరు నెలలు బరువెత్తకూడదు. సెప్టెంబరు ఇరవై నాలుగున ఖాళీ ఉంది, అది వద్దంటే మళ్లీ ఫిబ్రవరి దాటాకే. పద్నాలుగో తేదీ శుక్రవారం లోపల ఫోన్ చేసి ఔనో కాదో చెప్పమంది.

సెప్టెంబరు, అక్టోబరు నెలలు ఆ తీరానికి పంటకోత కాలం. అయినా రోవేనా దిగులు ఆ రెండు నెలల గురించి కాదు, చోటు గురించి. సముద్రానికి పట్టాలుండవు. నీటి అడుగున ఏ రాతి తిప్ప ఎవరిదో కాగితం మీద ఎక్కడా లేదు. బోను అడుగున రాళ్ల మధ్య ఉంటుంది, దాని తాడు కొసన రంగు వేసిన బెండు పైన తేలుతుంది. ఎవరి రంగు బెండ్లు ఎక్కడ తేలుతుంటే అది వాళ్ల చోటు. రోవేనావి పసుపు మీద నల్ల పట్టీ. హ్యాచెట్ తిప్ప చుట్టూ ఆ పసుపే నలభై ఏళ్లుగా తేలుతోంది. నెల్లాళ్లు ఖాళీగా వదిలితే, కంచె పడిపోయిన చేలోకి పశువులు వచ్చినట్టు పక్కవాళ్లు ఒక్కో బోనే జరుపుకుంటూ వచ్చేస్తారు. తర్వాత వెళ్లి ఇది నాదంటే, ఏదీ నీ బెండు అంటారు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు.

ఆ సంగతి రోవేనాకు మరీ బాగా తెలుసు. ఆమెకు పంతొమ్మిదేళ్లప్పుడు ఆ తిప్ప ఆన్సెల్ అనే ముసలాయనది. ఆయన గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరిన వారమే తండ్రి పది బోన్లు తీసుకెళ్లి తిప్ప అంచున దింపాడు. ఆ పదింటిలో ఎర పెట్టింది రోవేనా. ఆన్సెల్ తిరిగొచ్చేసరికి ఆ పది డెబ్భై అయ్యాయి. ఆయన పడవలో వచ్చి ఆ పసుపు బెండ్ల చుట్టూ ఒకసారి తిరిగి, ఒడ్డుకు వెళ్లిపోయాడు. ఆ రోజు తండ్రి ఈల వేశాడు. రోవేనాకు ఆ ఈల ఇప్పటికీ గుర్తు.

పదో తేదీ సోమవారం తెల్లవారగానే అక్కచెల్లెళ్లు బయల్దేరారు. ట్రూడీకి యాభై ఒకటి. పద్నాలుగేళ్లుగా అక్క పడవలో వెనక నిలబడి పనిచేస్తోంది. రోవేనా చుక్కాని దగ్గర ఉండి, కొక్కెం కర్రతో బెండును అందుకుని, తాడును లాగుడు చక్రానికి తగిలిస్తుంది. బోను పైకొస్తే ట్రూడీ దాన్ని పడవ అంచు మీదికి లాగి, లాబ్‌స్టర్లు తీసి కొలిచి, చిన్నవాటినీ గుడ్లున్నవాటినీ నీళ్లలోకి వదిలి, కొత్త ఎర సంచి కడుతుంది. ఉప్పుచేపల వాసన ఆమె ఒంటిని వదలదు. ఇద్దరు మొగుళ్లూ ఆ వాసనకే పారిపోయారని ఆమే చెప్పి నవ్వుతుంది.

గురువారం తర్వాత మళ్లీ ఆ తిప్ప మీదికి వెళ్లడం అదే. దక్షిణపు కొసన మొదటి బెండును అందుకుని రోవేనా ఆగిపోయింది. బెండులోంచి పొడుచుకొచ్చిన పుల్ల చుట్టూ తాడు రెండు మెలికలు తిరిగి బిగిసి ఉంది.

ఆ ముడి అంటే ఏమిటో ఆ తీరంలో బడి పిల్లలకు కూడా తెలుసు. ఒకరి చోటులోకి ఇంకొకరు వస్తే మొదట కేకలుండవు, తగాదా ఉండదు. వచ్చినవాడి బెండు పుల్లకు రెండు మెలికల ముడి వేసి వదిలేస్తారు. చూశాను, జరుగు అని దానర్థం. జరగకపోతే రెండోసారి కత్తి తాడు మీద పడుతుంది. బోను అడుగునే ఉండిపోతుంది.

రెండో బెండుకూ ముడి ఉంది. మూడో దానికీ ఉంది. దక్షిణపు కొసన ఉన్న పన్నెండింటికీ ఉంది. ఉత్తరం వైపు వాటికి ఒక్కదానికీ లేదు.

"మెర్ల్" అంది ట్రూడీ.

మెర్ల్‌కు అరవై ఆరేళ్లు. దక్షిణపు కొసను ఆనుకుని తేలే నీలం బెండ్లు ఆయనవే. ఆయన శుక్రవారం మనవరాలి పెళ్లికని పక్క ఊరు వెళ్లాడని రోవేనా గుర్తుచేసింది. ట్రూడీ దాన్నీ ఆయన మీదికే తిప్పింది. గురువారం సాయంత్రం కట్టేసి పోయాడట, తను ఊళ్లో లేనప్పుడు జరిగిందనిపించుకోవడానికి.

"ఆపరేషన్ సంగతి చెవిన పడింది, అంతే. చావు కబురు అందకముందే పాడె కట్టే రకం" అంది.

రోవేనా ఎర పెట్టె మీద కూర్చుంది. కోపం వస్తుందని కాసేపు ఎదురుచూసింది. అది రాలేదు. లోపల ఎక్కడో బిగించి ఉన్నది వదులైనట్టయింది. పదిహేను రోజులుగా అటా ఇటా అని తూగుతున్న దానికి ఎవరో వచ్చి ఒక రాయి కట్టి ఒకవైపు దించినట్టుంది. అది హాయి అని తెలిసి ఆమెకు సిగ్గేసింది.

"నేనెక్కడికీ వెళ్లను. శుక్రవారం ఫోన్ చేసి వద్దని చెప్పేస్తాను" అంది.

"ముడి చూసి చెయ్యి వదులుకుంటావా?"

"చోటు పోయాక చెయ్యెందుకు?"

ట్రూడీ చేతిలోని ఎర సంచి కింద పెట్టింది. డాక్టరు కాగితం ఇస్తే అక్క బోన్లను ఈ సీజనుకు తను ఎత్తడానికి సర్కారు ఒప్పుకుంటుందని, ఆ సంగతి తను నెల కిందటే కనుక్కుందని చెప్పింది.

"తిప్ప గురించి నీకేం తెలుసని?" అంది రోవేనా.

"పద్నాలుగేళ్లుగా నువ్వు చోటు చూస్తుంటే నేను తల వంచుకుని ఎర కడుతున్నా. ఒక్కసారి తలెత్తితే, అటేం చూపు, పని చూడు అన్నావు. తెలియమంటే ఎలా తెలుస్తుంది అక్కా?"

పడవలో దారి చూపే తెర ఉంది. రేవులో అందరూ తమ బోన్ల చోట్లను అందులో చుక్కలుగా పెట్టుకుంటారు. రోవేనా పెట్టలేదు. తెర బాగుచెయ్యడానికి వచ్చినవాడు కూడా చూసేయగలడని ఆమె అనుమానం. ఒడ్డున ఉన్నవాటిలో ఒకదాన్ని ఇంకొకదాని వెనక కలిపి చూసుకుని చోటు పట్టడం తండ్రి నేర్పాడు. ఎవరికీ చెప్పకూడదనీ నేర్పాడు. ఆ ఎవరికీ అన్నమాటలో చెల్లెలు ఉందో లేదో ఆమె ఎప్పుడూ అడగలేదు.

ముడి ఉన్న ఒక బెండును కోసి పక్కన పెట్టి, ఆ తాడుకు వేరే బెండు కట్టింది. మిగిలిన బోన్లు ఎత్తడం అయ్యాక ఒడ్డుకు తిరిగొచ్చారు.

మంగళవారం గాలి లేచింది, పడవలు కదల్లేదు. రోవేనా రోజంతా భుజం కింద దిండు పెట్టుకుని కూర్చుంది. ఫోన్ పక్కనే ఉంది. అప్పుడే చేసి వద్దని చెప్పేయొచ్చు. కాఫీ అయ్యాక చేద్దామనుకుంది. తర్వాత గాలి తగ్గాక అనుకుంది. గాలికీ ఫోన్‌కీ సంబంధమేమిటని తనను తానే ప్రశ్నించుకుని, దిండు సర్దుకుంది. చేయలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆ బెండును ఎడమ చంకలో పెట్టుకుని రేవుకు వెళ్లింది. మెర్ల్ ఒక తిరగేసిన పెట్టె మీద కూర్చుని, విరిగిన బోనుకు వల అల్లుతున్నాడు. ఆయన రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. ఒకటి బాగైంది, రెండోది కాలేదు. అందుకని ఎప్పుడూ ఒక కాలు చాపుకునే కూర్చుంటాడు. ఆమె బెండును ఆ చాపిన కాలి పక్కన పడేసింది.

"విప్పుకో" అంది.

మెర్ల్ దాని వంక చూసి, మళ్లీ వల వంక చూశాడు. "పెళ్లెలా జరిగిందని అడుగుతావనుకున్నా."

"ఎలా జరిగింది?"

"వానలో."

వల పక్కన పెట్టి బెండు చేతిలోకి తీసుకున్నాడు. కళ్లజోడు నుదుటి మీంచి దించి, పుల్లను అటూ ఇటూ తిప్పాడు. తర్వాత పక్కనున్న నీలం బెండు ఒకటి లాక్కుని, దాని పుల్లకు తాడుతో అదే ముడి వేశాడు. రెండింటినీ చెక్కల మీద పక్కపక్కన పెట్టాడు. ఆయన వేసినదాని మెలికలు ఒకవైపు తిరిగాయి. ఆమె తెచ్చినదాని మెలికలు రెండోవైపు తిరిగి ఉన్నాయి.

"కుడిచేతివాడి ముడి ఇటు పోతుంది. ఇది ఎడమచేతిది. ఈ రేవులో ఎడమచేత్తో ముడి వేసేవాడు ఎవడున్నాడు, నువ్వే చెప్పు."

రోవేనా ఒక్కొక్కరినే తలుచుకుంది. ఇరవై రెండు పడవలు, నలభైమంది మనుషులు. ఎవరూ లేరు. అప్పుడామె చూపు, కుడి మోచేతిని కింద నుంచి పట్టుకుని ఉన్న తన ఎడమచేతి మీద పడింది.

మెర్ల్ గొంతు పెంచకుండా చెప్పుకుంటూ పోయాడు. జూలై నుంచీ చూస్తున్నాడట. దక్షిణపు కొసన నీటి ఉరవడి ఎక్కువ, తాడు బరువు లాగేస్తుంది. ఆమె బెండును అందుకుని, చక్రానికి తగిలించేలోపు ఆ బరువును చెయ్యి ఆపలేక, పుల్లను అంచుకు అడ్డంపెట్టి ఎడమచేత్తో రెండు మెలికలు వేస్తోంది. బరువు చేతి మీంచి పుల్ల మీదికి పోతోంది. బోను మళ్లీ దింపేటప్పుడు ఆ మెలికలు విప్పకుండానే బెండును వదిలేస్తోంది. ట్రూడీ వీపు అటు ఉంటుంది కాబట్టి ఆమెకు కనపడదు. చూసినవాళ్లు తనే కట్టాడనుకుంటారని, మెర్ల్ తన బోన్ల కోసం వచ్చినప్పుడల్లా అవి విప్పుతూ వచ్చాడు. ఈసారి పెళ్లికి వెళ్లాడు, విప్పేవాళ్లు లేకపోయారు.

"అంతకుముందు వారం తొమ్మిది విప్పా. నీళ్లలోకి వంగి వంగి. నా మోకాళ్లు నిన్నేమీ దీవించట్లేదు అమ్మాయ్."

"నా చెయ్యి ఇంతగా పోయిందని అందరికీ తెలుసా?"

"నీకు తప్ప."

ఆమె పక్కనున్న పెట్టె మీద కూర్చుంది. తాడు కొస ఒకటి మోకాలి మీద పడి ఉంటే ఎడమచెయ్యి దాన్ని అందుకుంది. ఏ పుల్లా లేకపోయినా బొటనవేలి చుట్టూ ఒక మెలిక, ఇంకో మెలిక వేసింది. ఎంత ఒడుపుగా వేసిందో చూస్తూ ఉండిపోయింది. నాలుగు నెలల్లో ఒక చెయ్యి ఇంకో చేతికి, తనకు చెప్పకుండా, పని నేర్పించేసింది. చోటు కాపాడుకోవాలని ఆపరేషన్ మానుకుందామనుకుంది. తన చోటు మీద జరుగు, జరుగు అని రాసి పెట్టుకున్నది తనే.

"నీ మోకాళ్లు మళ్లీ చేయించుకోవాల్సి వస్తే చేయించుకుంటావా?" అని అడిగింది.

"బాగైనదాన్ని చేయించుకుంటా."

అవతల పడవలోంచి ఎవరో ఖాళీ ఎర డబ్బాలు పైకి విసురుతున్నారు.

"నేను లేకపోతే తిప్ప మీద బోన్లు వేస్తావా?" అంది రోవేనా చివరికి.

"వేస్తా" అన్నాడు మెర్ల్. "ఖాళీగా ఉంటే వేస్తా. నేను వెయ్యకపోతే ఇంకొకడు వేస్తాడు. మీ నాన్న వెయ్యలేదా? పసుపు బెండ్లుంటే వెయ్యను. వాటినెవరు ఎత్తుతున్నారో నాకనవసరం."

"ట్రూడీకి గుర్తులు తెలియవు."

"నాకు తెలుసుగా. ఆన్సెల్ ఇంటి పొగగొట్టం మీదికి నీళ్ల ట్యాంకు వచ్చినప్పుడు పడవ తిప్పుతావు. బడి కప్పు కొండ కొస వెనక్కి పోగానే మొదటి బోను వదులుతావు. నలభై ఏళ్లుగా పక్కనే ఉన్నా, గుడ్డివాణ్ని కాదు." వల మళ్లీ చేతిలోకి తీసుకుని అన్నాడు, "నీ చెల్లెలికి చెప్పుకోవాలంటే నువ్వే చెప్పుకో. నేను మాత్రం చెప్పను. ఆవిడ నన్ను పాడె కట్టేవాడని రేవంతా చెప్పిందట."

ఇంటికి వెళ్తూ ఆమె బెండును అక్కడే మర్చిపోయింది.

గురువారం పొద్దున రేవులో పడవ ఎక్కుతూనే ముడుల సంగతి చెల్లెలికి చెప్పేసింది. ట్రూడీ ఎర తట్ట కడిగింది. కడిగినదాన్నే మళ్లీ కడిగింది. రేవు దాటాక రోవేనా చుక్కాని దగ్గర నుంచి పక్కకు జరిగి, "రా" అంది.

"నేనా?"

"ఇంకెవరున్నారిక్కడ?"

ట్రూడీ చేతులు తుడుచుకుని వచ్చింది. చుక్కాని పట్టుకోవడం ఆమెకు చేతకానిదేమీ కాదు, ఎక్కడికి అన్నదే తెలియదు. రోవేనా ఒడ్డు వైపు చూపించి, బడి కప్పు ఎక్కడుందో, అది కొండ కొస వెనక్కి ఎప్పుడు పోతుందో చెప్పింది. నీళ్ల ట్యాంకు చూపించింది. దాని ముందున్న పాత ఇంటి పొగగొట్టం చూపించింది. ట్రూడీ చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి ఎర పెట్టె మూత లోపల రాసుకోబోయింది. వద్దనబోయి రోవేనా ఊరుకుంది. ఒక్కో గుర్తు చెబుతుంటే ఒంట్లోంచి ఏదో తీసి ఇస్తున్నట్టే ఉంది. ఇచ్చాక మాత్రం అవి చాలా చిన్నవిగా కనిపించాయి. ఒక కప్పు, ఒక ట్యాంకు, ఒక పొగగొట్టం, అంతే.

"ఆ ఇల్లెవరిది?" అంది ట్రూడీ రాస్తూ.

"ఆన్సెల్‌ది."

"ఈ తిప్ప ఆయనదే కదా ఒకప్పుడు?"

"ఆయనదే. ఆయన ఆసుపత్రిలో ఉండగా నాన్న బోన్లు వేశాడు. ఎర నేను పెట్టాను."

ట్రూడీకి అప్పుడు పదకొండేళ్లు. తల ఎత్తి అక్క ముఖం చూసింది, మళ్లీ రాసుకోవడంలో పడింది. "పొగగొట్టం పడిపోతే ఏం చూసుకోవాలి?" అని మాత్రం అడిగింది. రోవేనాకు ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు.

తిప్ప మీద ఫోన్ బాగా పలుకుతుంది. రోవేనా అక్కడి నుంచే ఆసుపత్రికి చేసింది. ఎత్తిన మనిషి పేరు, పుట్టిన తేదీ అడిగి, ఇరవై నాలుగు ఖాయమేనా అంది. రోవేనా నీళ్ల వంక చూస్తూ ఖాయమే అంది. మళ్లీ తెగితే ఏం చేస్తారని అడగాలనిపించింది కానీ, ఆ అమ్మాయికేం తెలుస్తుంది. ఇంటి దగ్గర సాయానికి ఎవరుంటారని అవతల నుంచి ప్రశ్న వచ్చింది.

"చెల్లెలు ఉంది" అని, ఆగి, "ఊహూ, దానికి పని ఉంటుంది. ఇంకెవరినైనా చూసుకుంటాను" అంది.

ట్రూడీ దూరంగా తిప్పేసి మొదటి బెండును దాటిపోయింది. తిట్టుకుంటూ వెనక్కి తిప్పింది. రెండోసారీ దాటింది. రోవేనా పళ్లు బిగించి కూర్చుంది. మూడోసారికి ట్రూడీ కొక్కెం కర్రతో బెండును అందుకుంది. నీటి ఉరవడికి తాడు బిగిసి ఆమెను ముందుకు లాగింది. ఎర పెట్టె మీద కూర్చున్న రోవేనా ఎడమచెయ్యి తనంతట తనే లేచి తాడు మీదికి పోయింది.

"చెయ్యి తియ్యి అక్కా" అంది ట్రూడీ, వెనక్కి తిరక్కుండానే.

రోవేనా తీసింది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, కుడిచేతి మణికట్టు మీద పెట్టుకుని, బోను పైకొచ్చేదాకా అలాగే కూర్చుంది.